బుట్టలో వేరేవాళ్ల బట్టలు

అధ్యక్షస్థానంలో కూర్చుని, నా ప్రసంగాల పొడవు తెలిసినవారు కనుక మంచినీళ్ల గ్లాసు ఇప్పటికే దగ్గరికి లాక్కున్న మా యజమానిగారికి, వేదిక మీది పెద్దలకు, నా గొంతు వింటేనే ముఖం చిట్లించుకునే ఇంజనీరు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, స్తంభం వెనక ఎవరికీ కనబడకుండా కూర్చున్నాననుకుంటున్న మా ఆయనకు నమస్కారాలు.

నా వీడ్కోలు సభ కదా, ఇంతకుముందు మాట్లాడినవారు నన్ను ఈ సంస్థకు కన్ను అన్నారు. ఎదురుగా ఉంటే కన్ను, వెనకైతే "నస అక్క" అని నాకు తెలియదా? (నవ్వులు) తప్పులేదు. ఇంటర్నెట్ దుకాణాలకు మనం బుట్ట, అదే కార్ట్ అంటారే, అది తయారుచేసి ఇస్తాం. కొనేవాళ్లు అందులో వస్తువులు వేసుకుంటారు. అది మొరాయిస్తే నాకు ఫోన్ చేసి తిడతారు. ఆ తిట్లను మర్యాదగల భాషలోకి మార్చి ఇంజనీర్లకు రిపోర్టు రాయడం ఇన్నాళ్లూ నా ఉద్యోగం. ఆ జబ్బు ఇంటికి కూడా అంటుకుంది. కూరలో ఉప్పు లేదని మా ఆయన అంటే, "మొదటినుంచీ లేదా, మధ్యలో పోయిందా? ఇంకోసారి తిని చూపించండి" అనేదాన్ని. పాపం, ఆయన ఉప్పు మాటెత్తడమే మానేశారు. (నవ్వులు)

ఒక సంగతి చెప్పి కూర్చుంటాను. కొత్తవాళ్లు నమ్మరనుకోండి.

ఒకరోజు ఒక పెద్దాయన ఫోన్ చేశారు. రిటైరైన లెక్కల మాస్టారు. చెప్పులు కొందామని బుట్ట తెరిస్తే, అందులో గర్భిణులు వేసుకునే గౌన్లు, పసిబిడ్డ ఊయల ఉన్నాయట.

"తల్లీ, ఇవి నేను వెయ్యలేదని మా ఆవిడతో ఒక్కమాట చెప్పు. పొద్దుట్నుంచి నాకు కాఫీ కూడా లేదు" అన్నారు.

నేను నవ్వాపుకుని, మహా తెలివిగా, "మనవలెవరో నొక్కేసి ఉంటారు బాబాయిగారూ" అన్నాను.

"మాకు పిల్లల్లేరమ్మా" అన్నారాయన.

ఈలోగా ఫోన్ ఆవిడ చేతికి వెళ్లింది. "ఈ వయసులో ఈయనకంత సీన్ లేదని నాకూ తెలుసు. కానీ ఇవెవరివో చెప్పు" అన్నారు. (నవ్వులు)

రిపోర్టు రాశాను. అప్పటి ఇంజనీరు, ఇప్పుడు ముందు వరుసలో కూర్చుని రుమాలుతో మొహం దాచుకుంటున్న తమ్ముడు, "మా దగ్గర ఇలా రావట్లేదు" అని మూసేశాడు. నేను మళ్లీ తెరిచాను. "అక్కా, ఇది రిపోర్టా, డైలీ సీరియలా? మాస్టారి కాఫీ సంగతి నాకెందుకు?" అని మళ్లీ మూశాడు. ఆ తప్పును నేనే పట్టుకుంటానని కూర్చుని, బుట్టలో గొడుగులు వేస్తూ తీస్తూ, తీయడం మరచి కొనేశాను కూడా. మా ఇంట్లో ఇప్పటికీ మనుషుల కంటే గొడుగులెక్కువ. తప్పు మాత్రం దొరకలేదు.

తరవాత మాస్టారు మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి గొంతులో హాస్యం లేదు.

"తల్లీ, ఇవాళ ఆ గౌన్ల అమ్మాయి పేరు, ఇల్లు ఎక్కడో అన్నీ కనబడుతున్నాయి. సరుకు తెచ్చేవాళ్లకి ఒక మాట కూడా రాసుకుంది. 'గుమ్మం ముందు నా పేరు పెట్టి పిలవొద్దు, ఎవరడిగినా నేనిక్కడ లేనని చెప్పండి' అని. చదవకూడనిది చదివేశానమ్మా. నాకు భయంగా ఉంది."

ఆ మాట పట్టుకుని ఇంజనీరు తమ్ముడి దగ్గరికి పరుగెత్తాను. అతను నవ్వలేదు. కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి, "అక్కా, ఆయన ఏమేం చేశారో మొదటినుంచి చెప్పు. కాఫీతో సహా" అన్నాడు.

చెబుతుంటే తేలింది. మాస్టారు తన పేరుతో లోపలికి వెళ్లకుండానే నేరుగా బుట్ట తెరిచేవారు. మేమేమో పద్ధతిగా పేరు, పాస్‌వర్డ్ కొట్టి వెళ్లేవాళ్లం, కనుక మాకు అంతా సవ్యంగా కనబడేది. పేజీలు తొందరగా రావాలని, ఒకసారి తయారైన పేజీని సర్వరు దాచుకుని తరవాతివాళ్లకు చూపించే ఏర్పాటు కొత్తగా చేశాం. చెప్పుల బొమ్మలకైతే పరవాలేదు. అది మనుషుల బుట్టల్ని కూడా దాచి, దారినపోయేవాళ్లకు చూపిస్తోంది.

అతను అన్ని దుకాణాల బుట్టలూ ఆపేశాడు. ఆరోజు పెద్ద తగ్గింపు అమ్మకం. యజమానిగారు రొప్పుకుంటూ వచ్చి "ఎవరు ఆపారు?" అంటే, అతనూ నేనూ ఒకేసారి "నేనే" అన్నాం. అంత ధైర్యం నాకెక్కడిదో ఇప్పటికీ తెలియదు.

సాయంత్రానికి తప్పు సరిచేశారు. అయ్యా, మన్నించండి, తరవాత మీరన్న మాట చెప్పక తప్పదు. "సరైపోయింది కదా, ఆ అమ్మాయికి చెప్పి భయపెట్టడం దేనికి?" అన్నారు. నేను తలూపి, బయటికొచ్చి ఆమెకే ఫోన్ చేశాను. యజమానిగారు నవ్వుతున్నారు. నా ఉద్యోగం ఎలాగూ ఇవాళ్టితో సరి.

నేను చెప్పిందంతా ఆమె చివరిదాకా విన్నది. తరవాత, "నేను దాక్కున్నది మా ఆయన నుంచండీ. ఎవరెవరు చూశారు?" అంది.

"ఒక మాస్టారు చూశారు. మంచాయన."

"ఆయనొక్కరేనా?"

అవునని అబద్ధమాడాలని ఎంత ఉందో. "తెలియదమ్మా" అన్నాను.

"చెప్పి మంచిపని చేశారు. రేపే ఇల్లు మారతాను" అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మాస్టారికి కూడా ఫోన్ చేసి, ఆ చిరునామా ఎక్కడా అనవద్దని బతిమాలాను. "ఏ చిరునామా? నేనెప్పుడో మరచిపోయానమ్మా" అన్నారు. లెక్కల మాస్టారు అంకెలు మరచిపోవడం ఎక్కడైనా ఉందా?

మరునాడు, నేను ఫోన్ చేసిన సంగతి తెలిసి, యజమానిగారు నన్ను గదిలోకి పిలిచారు. సంచి సర్దుకునే వెళ్లాను. "ఇకమీదట మన వల్ల ఎవరి గుట్టు బయటపడినా, ముందు వాళ్లకే చెబుదాం. ఆ పని మీరే చూడండి" అన్నారు. ఆరోజు మీకు కృతజ్ఞత చెప్పడానికి నోరు రాలేదు. ఇవాళ చెబుతున్నాను.

ఆ అమ్మాయి తరవాత ఎక్కడికి వెళ్లిందో, ఆమెకు పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని చాలాసార్లు అనిపించింది. మా సర్వరులో వెతికితే ఒక్క నిమిషం పని. వెతకలేదు. మీరూ వెతకకండి. ఆమె ఎక్కడున్నదీ మనలో ఎవరికీ తెలియకపోవడమే, ఇన్నేళ్లలో నేను సరిగ్గా చేసిన పని.

ఓపిగ్గా విన్నందుకు, ఇన్నాళ్లూ నా నస భరించినందుకు మీ అందరికీ ధన్యవాదాలు. ఇక నాకు సెలవిప్పించండి.