దగ్గు పుస్తకం

ఊపిరితిత్తుల జబ్బుకు కొత్త యాంటీబాడీ ఇంజెక్షన్‌ను పరీక్షిస్తున్న ఆసుపత్రి అది. సిగరెట్లు మానేసి ఆరేళ్లయిన పెద్దాయన ఎదుట నర్సు ఆయన రోజూ రాసే దగ్గు పుస్తకం తెరిచింది.

“నెలంతా ‘బాగుంది’ అనే రాశారు. గేటు నుంచి ఇక్కడికి వచ్చేలోపు మూడుసార్లు ఆగారు బాబాయ్. కిటికీలోంచి చూశాను.”

“చెప్పులో రాయి పడిందమ్మా.”

“మూడుసార్లూనా?”

“సరేలే. పోయిన వారం ఆయాసం ముదిరి రెండు రోజులు నడుం వాల్చలేదు. షాపులో బిళ్లలు కొని మింగాను.”

“ఎందుకు దాచారు?”

“మందు పనిచేయలేదని ఆపేస్తారు. మా తమ్ముడు దీనిమీదే ఆశ పెట్టుకున్నాడు. జబ్బు మరీ ముదిరిందని వాణ్ణి మీరు పరీక్షలోకి తీసుకోలేదు. వాడికి మొదటి సిగరెట్టు అంటించింది నేనే తల్లీ.”

“పోల్చి చూడ్డానికి ఇక్కడ సగంమందికి మందు, సగంమందికి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కిస్తాం. మీకు పడేవి ఉప్పునీళ్లే అయితే? నీళ్లతోనే ఇంత బాగుంటే మందెందుకు అంటారు. తమ్ముడి నోటికాడి కూడు మీరే తీసినట్టవుతుంది.”

“నాకేది పడుతోందో చెప్పు మరి.”

“నాకూ తెలియదు, డాక్టరుగారికీ తెలియదు.”

“అంటే, అబద్ధం ఎటువైపు ఆడాలో కూడా తెలియదన్నమాట.”

“అన్నమాటే.”

ఆయన పుస్తకంలో పోయిన వారం పేజీ తిప్పి ఆమె ముందుకు జరిపాడు.

“రాసుకో. ఆయాసం మంగళవారం పొద్దున మొదలైంది. కబురు తెలిసి తమ్ముడొచ్చాడు. వాడికే ఊపిరాడదు, రెండు రోజులూ నా వీపు నిమురుతూ కూర్చున్నాడు.”