పొగ ఐసు డ్రమ్ము మూత

నా పేరు ముత్యాలయ్య. తండ్రి పేరు మాల్యాద్రి. వయసు యాభై రెండు. చిట్టమూరు మండలం పట్టపుపాలెంలో ఐసు ఫ్యాక్టరీ నడుపుతున్నాను. నన్నెవరూ పిలవలేదు, నేనే స్టేషనుకు వచ్చి ఎస్సైగారి ముందు చెబుతున్నాను.

వినీల అనే అమ్మాయి పరిశోధన చేస్తుంది. బుచ్చిరెడ్డిపాలెంలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లు పొగగొట్టం నుంచి కార్బన్ డయాక్సైడు పట్టి, దాన్ని గడ్డ కట్టించి చేపలు చెడకుండా ఉంచే ఐసు చేస్తుంది. మావాళ్ళు దాన్ని పొగ ఐసు అంటారు. అందుకు ప్రభుత్వం నిధులిచ్చింది. నా పాత కంప్రెసర్ మార్చుకోవడానికి సాయం చేయమని నేను ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్నాను. నాకు రాలేదు. పొగకు ఇచ్చారు, ఐసుకు ఇవ్వలేదు. నాకు ఒళ్ళు మండింది. దాచడం ఎందుకు?

ఏళ్ళ తరబడి నా దగ్గర ఐసు కొట్టిన పెంచల్ కూడా ఈమధ్యే ఆమె దగ్గర పనికి చేరాడు. నా భార్య కామమ్మ అన్నం పెడుతూ, "నీ ఐసు కరిగితే బుట్టంతా నీళ్ళు. ఆ పిల్లది కరిగితే చేప మీద తడి గూడా ఉండదంట," అన్నది. కంచం ముందు నుంచి లేచిపోయాను. ఆ రోజు చేపల పులుసు. అయినా లేచిపోయాను.

మొన్న మంగళవారం ఉదయం తొమ్మిదింటికి నిధులిచ్చే శాఖ అధికారులు ఇద్దరు రేవుకు వచ్చారు. పొగ ఐసులో పెట్టిన వంజరం చేప సాయంత్రానికి ఎలా ఉందో వాళ్ళు చూడాలి. బాగుంటే మిగతా నిధులు వస్తాయి, లేకపోతే ఆమె పని అంతటితో ఆగుతుంది. నేనూ వెళ్ళాను. చెడిపోవాలనే కోరుకున్నాను.

పెంచల్ అప్పుడు పడవలో చేపలు ఏరుతున్నాడు. అధికారులు పిలుస్తుంటే వినీల నా దగ్గరకు వచ్చింది. "ముత్యాలన్నా, పెంచలన్న వస్తే చెప్పన్నా, డ్రమ్ము మూత బిగించొద్దని. ఈ ఐసు పోయడం ఆయనకు ఇదే మొదలు. ఈ ఐసు కరిగితే గాలవుతుంది. పోయే దారి లేకుంటే డ్రమ్ము పేలుతుంది. ఐసు సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?" అన్నది. సరే అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

పెంచల్ వచ్చాడు. చేపలు పేర్చి, పొగ ఐసు పోసి, మూత పెట్టి, చుట్టూ ఇనుప పట్టీ లాగి బిగించాడు. మామూలు ఐసుకైతే అలాగే బిగించాలి, వేడి తగలకూడదు. వాడు నన్ను చూసి, "బాగుండావా అన్నా?" అన్నాడు. నేను తల తిప్పుకున్నాను. డ్రమ్ము పగిలి అందరి ముందూ ఆమె పరువు పోతే చాలనుకున్నాను. మనిషికి తగులుతుందని అనుకోలేదు. నిజంగా అనుకోలేదు.

పదకొండు దాటాక, వినీల ఇంకా అధికారుల దగ్గరే ఉండగా, డ్రమ్ము ఉబ్బింది. ఏమైందోనని పెంచల్ వంగాడు. మూత ఎగిరి వాడి ముఖానికి కొట్టింది. చేపలు ఇసుకలో పడ్డాయి. వాడు అరుస్తుంటే ఎవరో ఆ వంజరాలు ఏరి కడుగుతున్నారు. నెల్లూరు ఆసుపత్రిలో వాడి కుడికన్ను తీసేశారు. నిధులు ఆపేశారు.

మూత సంగతి తాను ఎవరికీ చెప్పలేదని, తప్పంతా తనదేనని వినీల స్టేషనులో రాసిచ్చిందట. ఆసుపత్రిలో ఆమెను నిలదీశాను. "నా పేరు ఎందుకు చెప్పలా?"

"నేను చెప్పాల్సిన మాటన్నా అది. పనుల్లో పడి నువ్వు మర్చిపోయుంటావులే."

మర్చిపోయానట! పెంచల్ భార్య ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. ఊళ్ళో ఎక్కడ చూసినా ఆమె మాటే. మా కామమ్మ అయితే, "ఎంత మంచి మనసు తల్లీ," అని కళ్ళొత్తుకుంది.

నిధులు ఆమెకు. పెంచల్ ఆమెకు. మెప్పు ఆమెకు. చివరికి నేను చేసిన తప్పు కూడా ఆమెకేనా? ఇది ఇవ్వను. ఆమె చెప్పింది, నేను విన్నాను, వాడికి చెప్పలేదు.

"మరిచిపోయానని రాయమంటావా?" అని ఎస్సైగారు అడిగారు. వద్దన్నాను. గుర్తుంది. మూత బిగిస్తుంటే చూస్తూ నిలబడ్డాను. అలాగే రాయమన్నాను.

ఎవరి బలవంతమూ లేకుండా చెప్పాను. రాసింది చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం.

(సంతకం) ముత్యాలయ్య