కీళ్ళ బిళ్ళ

ముందు గదిలో కుట్టు మిషను. పక్కనే నేల మీద మందుల డబ్బా. దాని దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు: ఈమధ్యే పోయిన దర్జీ భార్య, అతని చెల్లెలు.

"లేవన్నానుగా చిన్నమ్మాయ్."

"ఎదురుగా కనపడుతుంటే లేవంటావేంటి వదినా? అవేగా అన్నయ్య కీళ్ళ బిళ్ళలు. నాకూ అవే రాశాడు డాక్టరు. ఇవాళ్టితో నావి అయిపోయాయి."

"వెళ్ళి మళ్ళీ రాయించుకో."

"ఈ మోకాళ్ళతో అంత దూరమా! అన్నయ్యే ఉంటే దోసిట్లో పోసేవాడు."

"ఉంటే."

"సరే, సరే... ఆ చొక్కా ఏదీ? ఒక చెయ్యి కుట్టి మిషను మీద వదిలేశాడుగా."

"వాళ్ళొచ్చి అడిగారు. ఇచ్చేశాను."

"ఒక చెయ్యితోనా?"

"ఒక చెయ్యితోనే. అలాగే మడిచి పట్టుకెళ్ళారు."

"అయ్యో వదినా. అసలు అన్నం తిన్నావా?"

"గుర్తులేదు. నువ్వేంటి, వచ్చేటప్పుడు గోడ పట్టుకున్నావు?"

"మెట్లెక్కానుగా, కాస్త కళ్ళు తిరిగాయి. అది వదిలెయ్. బిళ్ళలిస్తావా, ఇవ్వవా? ఇంత పిసినారివి ఎప్పుడయ్యావు?"

"గుండె పరీక్ష చేయించుకున్నావా?"

"నొప్పి మోకాళ్ళకైతే పరీక్ష గుండెకా?"

"నేనూ అదే అన్నాను పెద్దాసుపత్రిలో. అప్పటికే ఆయన మీద దుప్పటి కప్పేశారు."

"నాకు చెప్పలేదేం?"

"ఇప్పుడు చెప్తున్నాగా. అది మలేరియా మందట."

"ఏది?"

"ఇదే. మనం కీళ్ళ బిళ్ళ అనేది. కీళ్ళకీ పని చేస్తుందట. చాలామందికి ఏమీ కాదట. కొందరికి మాత్రం గుండె కొట్టుకునే తీరు తప్పుతుందట. కొన్ని మందులు తోడైతే ఇంకా ప్రమాదమట."

"కొన్ని మందులంటే?"

"వీధి చివరి డాక్టరు మీ అన్నయ్యకి దగ్గుకి ఇచ్చాడు చూడు, అలాంటివి. రాసేముందు అడిగాడు కూడా, మలేరియా మందు ఏమైనా వాడుతున్నారా అని."

"అన్నయ్య ఏమన్నాడు?"

"'నన్ను కుడితే దోమకే జ్వరమొస్తుంది డాక్టరుగారూ' అన్నాడు. ముగ్గురం నవ్వాం."

"మరి కీళ్ళ బిళ్ళ సంగతి..."

"అది కీళ్ళ బిళ్ళ కదా. ఎందుకు చెప్తాం?"

"అవునులే. నేనైనా చెప్పను."

"రేపు ఇద్దరం వెళదాం. మానెయ్యమని నేననడం లేదు. పరీక్ష చేసి డాక్టరే చెప్తాడు."

"వదినా, ఆ దగ్గు బిళ్ళలు... గులాబీ రంగువేనా?"

"ఆఁ. మూడు మిగలాలి. ఈ డబ్బాలోనే వేశాను. ఏవీ?"

"వదినా..."

"చిన్నమ్మాయ్, పోయినసారి వచ్చినప్పుడు తెగ దగ్గావు. ఇవాళ ఒక్కసారి కూడా దగ్గలేదు."

"ఆఖరిది పొద్దున వేసుకున్నాను వదినా. నా కీళ్ళ బిళ్ళతో పాటు."