చిన్నోడు అలిగాడు

ఉదయం పదీ నలభైకి ఆపరేషన్ గది బయట నర్సు అమ్మకు పడని మందు పేరు అడిగింది. అమ్మకు స్పృహ లేదు. తమ్ముడు ఆమె ఫోనులో వెతుకుతున్నాడు.

“‘మందులు’ అని కొట్టానక్కా, ఏమీ లేదు.”

“అమ్మ ఫోటోల ఫోల్డర్లకు అలాంటి పేర్లు పెట్టదురా. కరెంటు బిల్లు ‘నాన్న చిరాకు’లో ఉంటుంది.”

“అదేం లెక్కే! నీకు పేరు గుర్తులేదా?”

“నోరు తిరగని పేరు. డాక్టరు రాసిచ్చిన చీటీని అమ్మ ఫోటో తీసింది. ‘చిన్నోడు అలిగాడు’ తెరువు.”

“అందులో నా భాగోతమేగా?”

“తెరవరా ముందు!”

“నా ఖాళీ గది... నా పాత చెప్పులు... ఇదిగో చీటీ. ‘పెద్దది తోడుంది’లోనూ ఇదే ఉంది. అక్కా, ఈ తేదీ నేను ఇల్లు వదిలిన రోజు.”

“ఆ సాయంత్రమే మందు వికటించి ఊపిరాడలేదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఒట్టు వేయించుకుంది. ఫోను నర్సుకివ్వు.”

పదీ నలభై ఆరుకు నర్సు మందు పేరు రాసుకుని లోపలికి వెళ్ళింది.