ఆధారానికి రెండో నిబంధన

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది, జులై మూడో తేదీన మా కళాశాల గణితశాఖలో అధ్యాపకురాలిగా చేరిన మేడమ్ గారు, ముప్పై అయిదేళ్ల అవిరళ బోధనానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. సదిశాంతరాళాలంటే, అదే వెక్టర్ స్పేసులంటే, హడలిపోయే విద్యార్థులకు వాటిపై మక్కువ పుట్టించిన ఘనత వారిది. వారిని ప్రశంసించేవారు ఈ సంచికలో చాలామందే ఉన్నారు. నేను మాత్రం వారిపై పడిన ఒక నింద తుడవడానికి కలం పట్టాను. మొన్న వారి భర్తగారు “ఆ పుస్తకంలో తప్పు మా ఆవిడదే కదండీ!” అని నవ్వితే నాకు తల కొట్టేసినట్టయింది.

చేరిన పదో ఏట వారి సంపాదకత్వంలో మా శాఖ అభ్యాస పుస్తకం వెలువడింది. అందులో ‘ఆధారం’ (బేసిస్) అనే పాఠం, ఉద్యోగానికి కొత్తవాడినైన నేను రాశాను. కొన్ని సదిశలను ఆధారం అనాలంటే రెండు నిబంధనలు: అంతరాళంలోని ప్రతి సదిశనూ వాటి కలయికతో రాబట్టగలగాలి, వాటిలో ఏ ఒక్కటీ తక్కినవాటి కలయికతో రాకూడదు. పేజీలో ఒక పంక్తి ఎక్కువైందని, రెండోది ఎలాగూ క్లాసులో చెబుతాం కదా అని, అచ్చుకు వెళ్లేముందు నేనే దాన్ని తీసేశాను. ఏం తెలివి!

పరీక్షలో (1,0), (0,1), (1,1) సమతలానికి ఆధారమేనా అని అడిగారు. మూడోది మొదటి రెండింటి మొత్తమే కనుక కాదు. మా పుస్తకాన్ని నమ్మిన అరవై ముగ్గురు ‘అవును’ అని రాసి పది మార్కులు పోగొట్టుకున్నారు. వారిలో పందొమ్మిది మంది పరీక్ష తప్పారు.

“రాసిందెవరు?” అంది కళాశాల వేసిన విచారణ సంఘం. నేను చేతిలోని పుస్తకం పేజీలు తిప్పుతూ కూర్చున్నాను.

“సంపాదకురాలిని నేను. నన్నడగండి. ముందు పిల్లల మార్కులు పిల్లలకిచ్చేయండి,” అన్నారు మేడమ్.

మార్కులొచ్చాయి. వారికి రావలసిన శాఖాధ్యక్ష పదవి మాత్రం ఆరేళ్లు వెనక్కి పోయింది.

స్టాఫ్ రూములో ఏడుపు మొహంతో నిలబడ్డ నాతో, “సిగ్గుపడటం తర్వాత చూద్దాం లెండి. ఆరువందల పుస్తకాలున్నాయి, ఆ పంక్తి చేత్తో రాయాలి. కూర్చోండి,” అన్నారు. సగం తామే రాశారు. నా కోడిగీతలు చూసి, “దీనికంటే ఆ తప్పే నయమనిపించేలా ఉందండీ బాబూ!” అని పకపకా నవ్వారు.

ఈ వ్యాసం ముందుగా చూపిస్తే, “ఇప్పుడెందుకండీ ఆ పాత గొడవ?” అని కసురుకున్నారు. వారి మాట జవదాటడం నాకిదే మొదటిసారి. అయ్యా, ఆ తప్పు మీ ఆవిడది కాదు, నాది. ఆవిడ మీక్కూడా చెప్పలేదు.

మేడమ్ గారు మీ తోడుగా నిండు ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలి. ఇది అచ్చువేయించినందుకు నన్ను తిట్టే ఓపిక వారికి ఏనాడూ తగ్గకూడదు.