దారం తెంపి నిలబెట్టిన క్లోతిల్డ్ గారు

1994 మార్చి ఏడవ తేదీన శ్రీమతి క్లోతిల్డ్ హనోరే గారు మన ఏడో వార్డు మ్యూజియంలో చిత్రకారిణిగా చేరారు. ఆ ఉదయం గుమ్మానికి తలుపు బిగిస్తున్న వడ్రంగిని నేనే. ఎనిమిదో తరగతితోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి గనుక ఈ అభినందన రాస్తున్న నా భాషలో లోపాలుంటే మన్నించగలరు. సంతోషంలో మాత్రం లోపం లేదు!

తొలి సంవత్సరాలలో ఆమె మన పేట బాకా వాద్యకారులను, అంతిమయాత్రలలో గొడుగెత్తి ఆడే స్త్రీలను గోడల నిండా చిత్రించారు. నల్లవాళ్ల బతుకు బొమ్మకు పనికొస్తుందని ఎవరూ అనుకోని రోజులవి. మహావరద తీశాక, బురదలో నానిన పండుగ దుస్తుల పూసల పటాలను చర్చి హాలులో కడిగి ఆరబెట్టారు. అప్పుడు ఇటు తొంగిచూడని పెద్దమనుషులే ఇప్పుడు మన వారసత్వం మీద ఉపన్యాసాలు దంచుతున్నారు. సరే, పోనివ్వండి.

ఆమెకు తీరని కోరిక ఒక్కటే. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన మన ముత్తాతలను దాచిన ఆదివాసుల పేర మన ఊరేగింపు దళాలకు పెద్దలైన చీఫ్‌లు ఏడాదంతా కుట్టే పూసల, ఈకల దుస్తును ఒక్కటైనా నిలువెత్తున దక్కించుకోవాలని. ఉపవాస దినాలకు ముందురోజు వచ్చే మార్డి గ్రా పండుగ ఉదయం వీధిలో మెరిశాక దాన్ని పూసపూసా ఊడదీసి, ఆ పూసలతోనే కొత్తది కుట్టడం మన ఆచారం. కిందటేటి దుస్తుతో మళ్లీ వచ్చిన చీఫ్‌కు ముఖమెక్కడిది? 2014లో చీఫ్ లియోనస్ పిషాన్ గారు మోకాళ్లు మొరాయించి, పండుగ ఊరేగింపులో ఇదే తన ఆఖరి నడక అన్నారు. అంతే, ఆయనను అడగకుండానే క్లోతిల్డ్ గారు నా చేత పెద్ద అద్దాల పెట్టె చేయించారు.

పండుగ మర్నాడు ఆయన దుస్తును మోయించుకుని, కర్ర పోటేసుకుంటూ మ్యూజియానికి వచ్చి పెట్టె చుట్టూ తిరిగారు.

"ఏమే క్లోతిల్డూ, బతికుండగానే శవపెట్టె చేయించావా?"

"అది కాదు బాబాయ్, నీ పనితనం నలుగురూ చూడొద్దా?"

"ఇందులో పెడితే ఎప్పటికీ నేనే అందగాణ్ణి. మరి నా తర్వాతోడు దేంతో కుడతాడు, నా ఫొటోతోనా?"

"చీఫ్, నడుం విరిగేలా చేశానయ్యా దాన్ని!" అన్నాను నేను.

"బాగుందిరా. నన్ను పూడ్చేటప్పుడు పట్రా."

క్లోతిల్డ్ గారు నవ్వలేదు. ఇరవయ్యేళ్ల కోరిక ఎదురుగా నిలబడి ఉంది. ఆమె ఆ దుస్తు దగ్గరికి వెళ్లి, కత్తెర అందుకుని, ఛాతీ పటం మీది మొదటి ముడిని తామే తెంపారు. ఆ ఉపవాస దినాలన్నీ ఇద్దరూ కూర్చుని విప్పారు. ఏ కుట్టు ఎవరి దగ్గర నేర్చిందో ఆయన చెబుతూ ఆమె చేత మళ్లీ కుట్టించారు. అద్దాలు పీకించి, నా పెట్టెను పడుకోబెట్టి కుట్టుబల్ల చేశారు. నేడు దాని దగ్గర చోటు కోసం పేటంతా కొట్లాడుకుంటోంది!

ఇన్నాళ్లూ ఇతరుల పూసలను కాపాడిన ఆమె, వచ్చే మార్డి గ్రా ఉదయం తొలిసారి తామే పూసల దుస్తు కట్టి దళానికి రాణిగా వీధిలోకి వస్తున్నారు. రంగేమిటని అడిగాను.

"పక్కకి తప్పుకుని నిలబడు, కనపడుద్ది," అన్నారు.

సూదిలోకి దారం ఎక్కించే చూపు, వీధి చివరి వరకు ఆడే మోకాళ్లు, మర్నాడే అంత అందాన్నీ విప్పేసే గుండెదిటవు ఆమెకు నిండు నూరేళ్లు ఉండుగాక!

— ఆర్మన్ సాంతీ, వడ్రంగి