ఒక్క సైటే తెరుచుకోదు

బోయిగూడ, రెండో అంతస్తు. శుక్రవారం పదకొండున్నర దాటింది. వారం రోజులు ఆఫీసుకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న పద్మనాభం, ఇంటర్నెట్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ పర్వతాలు రౌటర్ ముందున్నారు. పద్మనాభం భార్య రాజ్యం, కూతురు నాగజ్యోతి లోపలి గదిలో ఉన్నారు.

"ఆ వైరు ఎన్నిసార్లు పీకి పెడతావయ్యా? నీకు తెలిసిన వైద్యం అదొక్కటేనా?"

"లైన్ మంచిగనే ఉంది సార్. వీడియోలు వస్తున్నయ్, అన్ని వస్తున్నయ్. మీ కౌన్సెలింగ్ సైటొక్కటే వస్తలేదు."

"నేను చెప్పిందే మళ్లీ నాకు అప్పజెప్పడానికి బొల్లారం నుంచి వచ్చావా? పన్నెండింటికి గడువు. ఆలోపు మా అమ్మాయి ఆప్షన్లు ఫ్రీజ్ చెయ్యకపోతే ఇంజనీరింగ్ సీటు గోవిందా."

"ఆఖరి రోజుదాంక ఎందుకాగిన్రు?"

"సాయంత్రం ఆరనుకున్నా. నీకు సంజాయిషీ ఇవ్వాలా? పని చూడు."

"పరేషాన్ గాకున్రి. వైఫై బంద్ చేసి ఫోన్ల కొట్టి చూడున్రి జెర."

"డెబ్బై కాలేజీల జాబితా ఆ అగ్గిపెట్టెలో చూసి నొక్కమంటావా? ఇదేనా మీ కంపెనీ మీకు నేర్పింది?"

"సరే, ఆగున్రి. మీ ఇంటి నుంచి ఈ వారంల మూడు కంప్లైంట్లున్నయ్."

"నేను చెయ్యలేదే."

"ఆడపిల్ల చేసింది. మంగళారం మూడున్నరకు, బుధవారం పన్నెండున్నరకు, నిన్న రెండింటికి. మల్ల దానంతల అదే వచ్చిందని చెప్పింది."

"మా జ్యోతి అయ్యుంటుంది. దాని చేతి మహిమ. నాకెప్పుడూ తెరుచుకుంది, ఇవాళ తప్ప. దానికి సివిల్ కావాలిట, పిచ్చిమొహం. ఇటుకలు లెక్కపెట్టే చదువు. నిన్న పొద్దున దాని పక్కన కూర్చుని కంప్యూటర్స్ అన్నీ వరసగా పెట్టించాను. ఇక నొక్కడమే తరువాయి."

"ఒకటడుగుతా, కోపం చెయ్యకున్రి. ఈ రౌటర్ల ఎవరన్న చెయ్యి పెట్టిన్రా?"

"మా మేనల్లుడు నరసరాజు సెట్ చేశాడు. వాడు బీటెక్. నీలాగా వైర్లు పీకే బాపతు కాదు."

"గా బీటెక్ సారే బంద్ పెట్టిండు. గిదో, చూడున్రి. మంగళారం మూడు నుంచి నాలుగున్నర. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర. నిన్న ఒకటిన్నర నుంచి మూడు. ఇయ్యాల పదిన్నర నుంచి పన్నెండు. గీ టైముల ఈ సైటొక్కటి తెరుచుకోదు."

"ఇంకోసారి చదువు."

"చదువుడెందుకు సార్, గిది రాహుకాలం గద?"

"నేను గుర్తు చెయ్యమన్నానయ్యా. ఆ వేళలో తెరిస్తే గంట మోగాలి, అంతే. మూసెయ్యమని ఎవడు చెప్పాడు ఆ వెధవకి?"

"మంచిగ మూసిండు. రాహుకాలం పోయెటాళ్లకు గడువు సుత పోతది."

"ఇకిలించకు. తీసెయ్ ముందు."

"తీసేసిన. షురూ చెయ్యున్రి, ఇంక పది నిమిషాలున్నది. రాహుకాలంల నొక్కుతరా మరి?"

"నీ సలహా అడగలేదు. రాజ్యం, జ్యోతిని తీసుకుని ఇటు రా. దేవుడి మీద భారం వేసి... ఇదేంటి, ఎర్రగా ఏదో వస్తోంది? ఇదీ నీ నిర్వాకమేనా?"

"నేనేం చెయ్యలే సార్. ఆప్షన్లు ఫ్రీజ్ అయినయంట, ఇగ మార్చనీకి రాదంట. నిన్న రెండుంబావుకు."

"నిన్ననా? నేను నొక్కలేదే. మొదటి ఆప్షన్ ఏంటి... సివిలా? రాజ్యం, ఓటీపీ నీ ఫోన్‌కే కదా వచ్చేది?"

"వచ్చిందండీ. చదివి చెప్పాను."

"చదివి చెప్పావా? నాతో ఒక్క మాట అనకుండా?"

"అంటే ఒప్పుకునేవారా? వైఫైలో రాకపోతే నా ఫోన్ నెట్ మీద చేసింది."

"అంత తెలివి ఉన్నదానివి, జ్యోతీ, పోయి పోయి రాహుకాలంలోనా? నీకు ఇంకే టైమూ దొరకలేదా?"

"దొరకలేదు నాన్నా. రోజు మొత్తంలో మీరు నా పక్కన కూర్చోనిది ఆ గంటన్నరే."